సౌర ఫలకాలపై నీళ్లు.. లాభమెంత? నష్టమెంత?

* వేడికి తగ్గుతున్న విద్యుత్తు ఉత్పత్తి
* మోటారు నడిపితే వచ్చేదానికన్నా పోయేదే అధికం
* సున్నపు నీటితో ఫలకాలకు ముప్పు
* వేకువజామున కడుక్కోవడమే మేలు

రెంటచింతల: వేసవి వచ్చిందంటే పల్నాడులో భానుడు నిప్పులు చెరుగుతాడు. ఎండల పేరు చెప్పగానే రాష్ట్ర ప్రజలకు మొదట గుర్తుకొచ్చే ఊళ్లలో రెంటచింతల ఒకటి. ఇంతటి ఎండ కాస్తున్నప్పుడు డాబాపై అమర్చుకున్న సౌర ఫలకాల నుంచి కరెంటు ధారాళంగా రావాలన్నది గృహస్థుల ఆశ. తీరా మిట్టమధ్యాహ్నం ఇన్వర్టర్‌ తెరపై కనిపించే అంకె ఆ ఆశకు తగినట్లు ఉండదు. 3 కిలోవాట్ల ఫలకాలు పెట్టించుకున్న ఇంట్లో రెండున్నర కిలోవాట్లు దాటకపోతే, అమర్చినవారే మోసగించారేమోనన్న అనుమానం కలగడం సహజం. వేడే ఇందుకు కారణమని తెలిసినవారికి వెంటనే తట్టే ఉపాయం ఒక్కటే. మోటారు వేసి ఫలకాలపై నీళ్లు పారిస్తే సరిపోతుంది కదా అని!

ఉపాయం వినడానికి బాగానే ఉంది. శాస్త్రం కూడా దానిని కాదనడం లేదు. అయితే ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, వాటిని పైకి ఎక్కించడానికి ఎంత కరెంటు ఖర్చవుతుంది, ఆ నీటిలో ఏముంది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం చూసుకోకుండా దిగితే లాభం మాట అటుంచి ఫలకాలే పాడయ్యే ప్రమాదం ఉంది.

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 13న ‘ప్రధానమంత్రి సూర్యఘర్‌: ముఫ్త్‌ బిజిలీ యోజన’ను ప్రారంభించింది. దీని కింద 3 కిలోవాట్ల ఫలకాలకు రూ.78 వేల రాయితీని ప్రకటించింది. మిగిలిన సొమ్మును బ్యాంకు రుణంగా తీసుకున్న కుటుంబాలకు డాబాపై పుట్టే ప్రతి యూనిట్టూ నెలవారీ వాయిదాకు ఆసరా. అందుకే ఈ లెక్కను సరిగ్గా తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

కావలసింది వెలుగు.. వేడి కాదు!

సౌర ఫలకం ఎండలోని వేడితో పనిచేస్తుందన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. వాస్తవానికి అది పనిచేసేది వెలుతురుతో. ఫలకంలోని సిలికాన్‌ బిళ్లలపై వెలుతురు పడినప్పుడు అందులోని ఎలక్ట్రాన్లు కదిలి విద్యుత్తు పుడుతుంది. బిళ్లలు వేడెక్కేకొద్దీ విద్యుత్‌ ప్రవాహం స్వల్పంగా పెరిగినా, వోల్టేజీ అంతకన్నా ఎక్కువగా పడిపోతుంది. ఫలితంగా మొత్తం ఉత్పత్తి తగ్గుతుంది. చల్లని పొద్దున కట్టిన అరకకు, మండుటెండలో సాగే అరకకు ఉన్నంత తేడా ఇక్కడా కనిపిస్తుంది.

ఫలకం వెనుక అంటించిన చీటీపై 540 వాట్లు అని ఉంటే, ఆ సంఖ్య ప్రయోగశాలలో తేల్చినది. అక్కడ చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు పడేటట్లు చూసి, సిలికాన్‌ బిళ్లల ఉష్ణోగ్రతను 25 డిగ్రీల వద్ద నిలిపి కొలుస్తారు. మన డాబాలపై ఆ పరిస్థితి ఉండదు. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు ఉన్న రోజున, గాలి అంతగా వీచకపోతే మిట్టమధ్యాహ్నానికి ఫలకం 70 డిగ్రీలకు చేరుతుంది. సాధారణ రకం సిలికాన్‌ ఫలకం 25 డిగ్రీలు దాటిన తర్వాత పెరిగే ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం శక్తిని కోల్పోతుంది. అంటే 45 డిగ్రీల అదనపు వేడికి దాదాపు 16 శాతం నష్టం. 3 కిలోవాట్లు రెండున్నర కిలోవాట్లుగా మారడం వెనుక ఉన్న రహస్యం ఇదే. ఇందులో మోసమేమీ లేదు.

ఈ తరుగుదల రేటును తయారీదారులు తమ వివరపత్రంలో తప్పనిసరిగా ఇస్తారు. ఇటీవల మార్కెట్లోకి వచ్చిన ‘టాప్‌కాన్‌’ రకం ఫలకాలలో ఇది 0.30 శాతం మేరకే ఉంటోంది. ఎండలు ముదిరే ప్రాంతాలవారు కొత్తగా కొనేటప్పుడు ధరతోపాటు ఈ అంకెను కూడా అడిగి తెలుసుకోవడం మంచిది.

నెపమంతా ఎండదేనా?

ఉత్పత్తి తగ్గినప్పుడల్లా ఎండను నిందించడమూ సరికాదు. చలికాలంలో గాలి ఉష్ణోగ్రత 28 డిగ్రీలు ఉన్న రోజున సైతం నిండు ఎండలో ఫలకం 59 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. అప్పటి నష్టం దాదాపు 12 శాతం. అంటే శీతకాలపు మధ్యాహ్నానికి, వేసవి మధ్యాహ్నానికి వేడి వల్ల కలిగే తేడా నాలుగు శాతం మాత్రమే. వేసవిలో ఉత్పత్తి అంతకుమించి, ఏ పదిహేను ఇరవై శాతమో పడిపోతే కారణం వేరేచోట ఉందని గ్రహించాలి.

వాటిలో మొదటిది దుమ్ము. వానలు లేని నెలల్లో రోడ్ల ధూళి, కల్లాల చెత్త, క్వారీల పొడి వచ్చి ఫలకాలపై పేరుకుపోతాయి. రెండోది నీడ. కొత్తగా పెట్టిన నీళ్ల ట్యాంకు, పక్కింటి గోడ, పెరిగిన చెట్టు కొమ్మ ఒక్క ఫలకంపై నీడ వేసినా వరుస మొత్తంపై దాని ప్రభావం పడుతుంది. మూడోది కరెంటు కోత. గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టర్‌ లైనులో కరెంటు లేనప్పుడు దానంతటదే ఆగిపోతుంది. లైనుపై పనిచేసే సిబ్బంది ప్రాణరక్షణ కోసం చేసిన ఏర్పాటు ఇది. వోల్టేజీ మరీ పెరిగినా, మరీ తగ్గినా అంతే. వేసవి మధ్యాహ్నం రెండు గంటలు సరఫరా నిలిచిపోతే ఆ రెండు గంటల సౌర విద్యుత్తు కూడా పోయినట్లే. దీనికి ఫలకాలపై ఎన్ని నీళ్లు పోసినా ప్రయోజనం ఉండదు.

నీళ్లు పోస్తే ఏమవుతుంది?

ఫలకంపై నీరు పారినప్పుడు రెండు మేళ్లు జరుగుతాయి. నీరు వేడిని లాక్కొని ఆవిరవుతుంది. అద్దంపై పలుచని నీటి పొర ఉండటంతో వెనక్కు చెదిరిపోయే వెలుతురు కొంత తగ్గుతుంది. బ్రెజిల్‌లోని రియో డి జెనీరోలో స్టెఫాన్‌ క్రౌటర్‌ అనే శాస్త్రవేత్త ఈ రెండింటినీ పరీక్షించి 2004లో ఫలితాలను ప్రకటించారు. నీటి పొర వల్ల బిళ్లల ఉష్ణోగ్రత 22 డిగ్రీల వరకు తగ్గింది. విద్యుత్తు 10.3 శాతం మేర పెరిగింది. పంపు వాడుకున్న కరెంటును మినహాయించినా ఎనిమిది, తొమ్మిది శాతం మిగిలింది. నీళ్లను ఎడతెగకుండా పారించనక్కరలేదని, ఫలకం 45 డిగ్రీలకు చేరినప్పుడు చల్లబరచడం మొదలుపెడితే అత్యధిక లాభం దక్కుతుందని ఈజిప్టులో జరిపిన ఒక అధ్యయనం 2013లో తేల్చింది.

ఈ ప్రయోగాలలో వాడినది కొలత ప్రకారం అమర్చిన చిన్న పంపు, తిరిగి తిరిగి వాడుకునే నీరు అన్న సంగతి మరువరాదు. ఇళ్లలో సాధారణంగా జరిగేది వేరు. బకెట్‌తో ఒకసారి గుమ్మరిస్తే ఫలకం నిమిషాల్లో చల్లబడుతుంది. తడి ఆరగానే పావుగంటలో మళ్లీ యథాస్థితికి చేరుకుంటుంది. రోజుకు ఒకటి రెండుసార్లు చల్లడం వల్ల మీటరులో కనిపించేంత ఫలితం రాదు.

మోటారు మింగేది ఎంత?

3 కిలోవాట్ల ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. ఎండ తీవ్రంగా ఉండే నాలుగు గంటలపాటు ఫలకాల వేడిని 20 నుంచి 30 డిగ్రీలు తగ్గించగలిగితే అదనంగా 210 నుంచి 315 వాట్లు వస్తాయి. మొత్తంమీద రోజుకు రమారమి ఒక యూనిట్టు అనుకోవచ్చు.

ఇంట్లో ఉన్న అర హార్స్‌పవర్‌ మోటారును ఆ నాలుగు గంటలూ నడిపితే అది సుమారు 500 వాట్ల చొప్పున రెండు యూనిట్లు తాగేస్తుంది. ఒక హార్స్‌పవర్‌ మోటారైతే నాలుగు యూనిట్లకు దగ్గరవుతుంది. ఒక యూనిట్టు కోసం రెండు యూనిట్లు, నాలుగు యూనిట్లు వదులుకోవడం ఏ లెక్క ప్రకారం చూసినా నష్టమే. మోటారును గంటకు పది నిమిషాలే నడిపినా మూడో వంతు యూనిట్టు పోతుంది. డాబా మీదే చిన్న తొట్టి పెట్టి, 50 వాట్ల లోపు పంపుతో అదే నీటిని తిప్పి పారించినప్పుడే ఖర్చు 0.2 యూనిట్టుకు పరిమితమవుతుంది.

అలా చేసినా మిగిలేది రోజుకు 0.8 యూనిట్టు. యూనిట్టుకు రూ.6 చొప్పున లెక్కించినా నెలకు రూ.150 దాటదు. వేసవి మూడు నెలలకూ కలిపి రూ.450 లోపే. పంపు, గొట్టాలు, తొట్టి, కింద నీటిని పట్టే కాలువ రేకులు.. వీటన్నిటికీ అయ్యే ఖర్చు తిరిగి రావడానికి ఎన్ని వేసవులు పడుతుందో ఎవరికి వారు లెక్కవేసుకోవచ్చు.

ఒక మనిషి వాడుక నీరు ఆవిరి

కరెంటు కన్నా పెద్ద ఖర్చు నీటిది. లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్టుకు సమానమైన వేడిని తీసుకుపోతుంది. 3 కిలోవాట్ల ఫలకాలు దాదాపు 15 చదరపు మీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. వాటిపై నిండు ఎండలో పేరుకునే వేడిని తీసివేయాలంటే గంటకు 16 లీటర్ల నీరు ఆవిరి కావాలి. నాలుగు గంటలకు 64 లీటర్లు. ఇది గాలికి చెదిరిపోయేది, గొట్టాల వద్ద కారిపోయేది కాకుండా లెక్క.

జల్‌జీవన్‌ మిషన్‌ కింద గ్రామీణ ప్రాంతాలలో ఒక మనిషికి రోజుకు ఇవ్వాలని నిర్దేశించిన నీరు 55 లీటర్లు. అంటే ఒక యూనిట్టు కరెంటు కోసం ఒక మనిషి రోజంతా తాగడానికి, వండుకోవడానికి, స్నానానికి వాడుకునే నీటికన్నా ఎక్కువ గాలిలో కలిసిపోతోందన్నమాట. బోర్లు ఎండి, ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే ఊళ్లలో ఈ పని ఎంతవరకు సబబో ఆలోచించవలసి ఉంది. కుళాయి నీటిని ఇందుకు మళ్లిస్తే ఆ భారం పక్క వీధిలోని చివరి ఇంటిపై పడుతుంది.

సున్నం గారతో అసలుకే మోసం

పల్నాడు నేల సున్నపురాతి నేల. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు, ఈ ప్రాంతంలోని సిమెంటు పరిశ్రమలకు ఆ రాయే ఆధారం. అదే రాయి భూగర్భ జలంలోనూ కరిగి ఉంటుంది. బోరు నీరు కాచిన గిన్నెల అడుగున తెల్లని గార కట్టడం ఇక్కడి గృహిణులకు తెలిసిన విషయమే. ఆ నీరే వేడెక్కిన అద్దంపై ఆవిరైతే గిన్నె అడుగున జరిగేదే ఫలకంపైనా జరుగుతుంది.

లీటరుకు ఒక గ్రాము లవణాలు ఉన్న నీటిని తీసుకుంటే, రోజుకు 64 లీటర్లు ఆవిరైనప్పుడు 64 గ్రాముల లవణాలు వెనుక మిగులుతాయి. నెలకు దాదాపు రెండు కిలోలు! అందులో కొంత తొట్టిలోనే ఉండిపోయినా, మిగిలినది ఫలకాలపై తెల్లని మచ్చలుగా గడ్డకడుతుంది. ఆ మచ్చలు వెలుతురును అడ్డుకుంటాయి. మామూలు నీటితో కడిగితే పోవు. గీకితే అద్దంపై ఉండే వెలుతురును పట్టే పూత దెబ్బతింటుంది. బాత్రూములు కడిగే ఆమ్లం పోస్తే పూతతోపాటు అల్యూమినియం చట్రం కూడా పాడవుతుంది. వేసవిలో వచ్చిన ఏడు శాతం లాభం కోసం పాతికేళ్లు పనిచేయవలసిన ఫలకానికి శాశ్వతంగా నష్టం తెచ్చుకున్నట్లవుతుంది.

మరో ప్రమాదమూ ఉంది. 70 డిగ్రీల వేడిలో ఉన్న అద్దంపై ఒక్కసారిగా చల్లని బోరు నీరు పడితే ఒత్తిడికి అద్దం పగిలే అవకాశం ఉంటుంది. ఫలకం కాలుతున్నప్పుడు చల్లటి నీరు పోయరాదని తయారీదారుల సూచనల పుస్తకాలలోనే రాసి ఉంటుంది. ఈ సూచనను ఉల్లంఘించినట్లు తేలితే పూచీ కింద ఫలకాన్ని మార్చి ఇవ్వడానికి కంపెనీ నిరాకరించవచ్చు.

విద్యుత్‌ ప్రమాదం విషయంలోనూ ఏమరుపాటు తగదు. ఆరు ఫలకాలను వరుసగా కలిపినప్పుడు వోల్టేజీ 300 వోల్టులకు చేరువవుతుంది. మెయిన్‌ స్విచ్‌ కట్టినా ఎండ ఉన్నంతసేపూ ఫలకాల తీగల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది. ఎలుకలు కొరికిన తీగ, పగిలిన కనెక్టరు ఉన్నచోట తడి చేరితే ప్రాణాపాయం.

ఉచితంగా దొరికేది గాలి

నీరు లేకుండానే ఫలకాల వేడిని తగ్గించే మార్గాలున్నాయి. ఫలకం వెనుక గాలి ధారాళంగా ఆడటం వాటిలో ముఖ్యమైనది. రేకుల ఇంటిపై ఫలకాలను రేకుకు అంటినట్లు బిగిస్తే అడుగున వేడి గాలి చిక్కుకుపోతుంది. జానెడు ఖాళీ వదిలినా తేడా తెలుస్తుంది. డాబాలపై మనిషి ఎత్తున ఇనుప చట్రం వేయించుకుంటే వెనుక గాలి ఆడటంతోపాటు కింద వడియాలు, మిరపకాయలు ఆరబోసుకునే చోటూ మిగులుతుంది. అయితే ఎత్తు పెరిగేకొద్దీ గాలివానకు తట్టుకునేలా పునాది దిమ్మెలు బలంగా ఉండాలి.

డాబాకు తెల్లసున్నం గాని, వేడిని తిప్పికొట్టే తెల్లరంగు గాని వేయించుకోవడం మరో మార్గం. కాలిపోయే డాబా నుంచి ఫలకాల అడుగుభాగానికి సోకే సెగ తగ్గుతుంది. ఇంటి లోపలా చల్లబడుతుంది. రెండు వైపులా వెలుతురును గ్రహించే రకం ఫలకాలైతే తెల్లని డాబా నుంచి పైకి లేచే వెలుతురు అదనపు లాభం. ఇన్వర్టర్‌ను పడమటి ఎండ తగిలే గోడకు కాకుండా నీడలో, గాలి తగిలేచోట బిగించాలి. అది మరీ వేడెక్కితే తన్ను తాను కాపాడుకోవడానికి ఉత్పత్తిని తగ్గించేస్తుంది.

కడగడం ఎలా?

నీటిని వాడవలసింది చల్లబరచడానికి కాదు, కడగడానికి. పదిహేను రోజులకు ఒకసారి 15 నుంచి 30 లీటర్ల నీరు దీనికి సరిపోతుంది. అంటే ఒకటి రెండు బిందెలు. బట్టీలు, క్వారీలు, మట్టిరోడ్ల పక్కనున్న ఇళ్లవారు వారానికొకసారి కడగవలసి రావచ్చు. కింది జాగ్రత్తలు పాటించాలి.

* సూర్యోదయానికి ముందు గాని, వెనువెంటనే గాని ఫలకాలు చల్లగా ఉన్నప్పుడే కడగాలి. రాత్రి పడిన మంచుకు దుమ్ము మెత్తబడి ఉంటుంది.
* పట్టి ఉంచిన వాననీరు గాని, కాలువ నీటిని శుద్ధిచేసి ఇచ్చే కుళాయి నీరు గాని వాడాలి. బోరు నీరే గత్యంతరమైతే కడిగిన వెంటనే రబ్బరు పట్టీతో తుడిచివేయాలి.
* మెత్తని గుడ్డ, స్పాంజి తప్ప తీగ బ్రష్షు, బట్టల సబ్బు, ఆమ్లం వాడరాదు.
* ఫలకాలపై కాలు మోపరాదు. అంచున నిలబడి వంగి కడగరాదు. తడి చేతులతో తీగలను తాకరాదు.
* పక్షుల రెట్టలను ఎప్పటికప్పుడు నానబెట్టి తీయాలి. ఆ మచ్చ కింది బిళ్ల అతిగా వేడెక్కి శాశ్వతంగా దెబ్బతింటుంది.

కడగడానికి ముందు రెండు రోజుల యూనిట్లు, కడిగిన తర్వాత రెండు రోజుల యూనిట్లు ఇన్వర్టర్‌లో చూసి రాసుకోవాలి. నాలుగు రోజులూ మబ్బు లేకుండా ఉంటే దుమ్ము ఎంత మింగిందో స్పష్టంగా తెలుస్తుంది.

నీరున్నవారికి మరో దారి

నీటితో చల్లబరిచే పద్ధతి ఎవరికీ పనికిరాదని చెప్పలేం. సౌర పంపుసెట్టు ఉన్న రైతులు తోటకు ఎటూ నీరు తోడుతారు. అందులో కొంత భాగాన్ని ఫలకాల మీదుగా జారవిడిచి కాలువలోకి మళ్లించుకుంటే అదనపు మోటారు ఖర్చు ఉండదు, ఆవిరైనది పోగా మిగిలిన నీరంతా పొలానికే చేరుతుంది. అయితే నీటిలో సున్నం తక్కువగా ఉండాలి. ఫలకం కాలిన తర్వాత కాకుండా పొద్దుటి చల్లదనంలోనే నీటిని వదలాలి. మధ్యలో ఆపి, ఎండలో మళ్లీ వదిలితే అద్దానికి ముప్పే.

నీటిని పైన పోయడానికి బదులు ఫలకాలనే నీటిపైకి చేర్చిన ఉదాహరణలూ మన కళ్లముందే ఉన్నాయి. విశాఖపట్నం సమీపంలోని సింహాద్రి ఎన్టీపీసీ జలాశయంపై 25 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్‌ కేంద్రం 2021లో, తెలంగాణలోని రామగుండం ఎన్టీపీసీ జలాశయంపై 100 మెగావాట్ల కేంద్రం 2022లో పూర్తయ్యాయి. గుజరాత్‌లోని మెహసానా జిల్లాలో నర్మద కాలువపై 2012లోనే ఒక మెగావాట్‌ ఫలకాలు పరిచారు. నీటి చలువ వల్ల ఫలకాల వేడి తగ్గుతుంది. ఫలకాల నీడ వల్ల నీరు ఆవిరి కావడమూ తగ్గుతుంది. డాబాపై నీళ్లు పోసినప్పుడు నీటిని ఖర్చుపెట్టి కరెంటును పొందుతాం. ఇక్కడ కరెంటుతోపాటు నీరు కూడా మిగులుతోంది.

ఇళ్ల విషయానికి వస్తే, వేడి వల్ల తగ్గే ఆ కొద్ది శాతాన్ని ఫలకాల స్వభావంగా అంగీకరించి, దుమ్ము, నీడ, గాలి ఆడకపోవడం వంటి చేతిలో ఉన్న లోపాలను సరిదిద్దుకోవడమే వివేకం. కొత్తగా ఫలకాలు పెట్టించుకునేవారు ఆ సంగతి ముందే లెక్కలోకి తీసుకుని, రోజుకు కిలోవాట్‌కు నాలుగు యూనిట్ల చొప్పున మాత్రమే రాబడి అంచనా వేసుకుంటే రుణ వాయిదాల వద్ద చిక్కులు రావు. మోటారు స్విచ్‌ వేసేముందు కింద ట్యాంకులో ఎన్ని బిందెల నీరు మిగిలిందో ఒకసారి చూసుకోవడం మంచిది.